మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు: ఊరి టీవీ ప్రకటనలో పూచీ ఎవరిది?

1990ల చివర్లో మన పట్టణాల్లో సిటీ కేబుల్ వాళ్లు రాత్రిపూట సినిమా వేసేవాళ్లు. కథ మంచి పట్టులో ఉండగా బొమ్మ ఆగిపోయి ఒక బట్టల దుకాణం తెర మీదికి వచ్చేది. గ్లాసు తలుపు, లోపల పరిచిన తెల్లటి పరుపులు, వాటి మీద ఒకదాని తర్వాత ఒకటి విప్పి పడేస్తున్న చీరలు. వెనక నుంచి గంభీరమైన గొంతు: పట్టుచీరలు, ఫ్యాన్సీ చీరలు, సూటింగ్స్, షర్టింగ్స్, వివాహాది శుభకార్యములకు కావలసిన సమస్త వస్త్రములు సరసమైన ధరలకు లభించును. మెయిన్ రోడ్, ఫలానా హోటల్ ఎదురుగా. చివర్లో కాస్త నొక్కి చెప్పే మాట ఒకటి ఉండేది: "మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు."

పాత ప్రకటనల ముచ్చట వచ్చినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఈ మాటే. ఇవాళ ఏ షాపింగ్ మాల్ ప్రకటన చూసినా రెండు రాష్ట్రాల్లో కలిపి తమకు ఎన్ని షోరూములు ఉన్నాయో చెప్పుకుంటుంది. ఆ రోజుల్లో దుకాణం తనకు ఇంకో చోటు లేదని చెప్పుకుని గర్వపడింది. అదే పేరు పెట్టుకుని పక్క వీధిలో ఇంకొకరు బోర్డు కడతారనే భయం కొంత ఉండేది, నిజమే. కానీ అసలు కారణం అది కాదు. ఒకే దుకాణం అంటే యజమాని అక్కడే ఉంటాడని అర్థం. చీర మొదటి ఉతుకులోనే రంగు వెలిస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో కొన్నవాళ్లకు తెలుసు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషే సరుకుకు పూచీ. ఆ ఒక్క వాక్యంలో ఆయన చెబుతున్నది ఇదే: నేను ఎక్కడికీ పోను.

మన ప్రాంతీయ టీవీ ప్రకటనల కథంతా నాకు ఈ పూచీ కథగానే కనిపిస్తుంది. సరుకు మంచిదని ఎవరు చెబుతున్నారు, వాళ్ల మాట మనం ఎందుకు నమ్మాం, ఆ నమ్మకం దుకాణదారు నుంచి పండగకూ, పండగ నుంచి సినిమా హీరోకూ ఎలా చేతులు మారింది. పాత ప్రకటనలను కేవలం తీపి గుర్తులుగా చూస్తే ఈ కథ జారిపోతుంది.

నిజానికి చాలామంది పాత ప్రకటనలు అనగానే పాడి వినిపించేవి మన ప్రాంతానివి కావు. దూరదర్శన్ 1976 జనవరి 1 నుంచి ప్రకటనలు తీసుకోవడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది, 1977లో, హైదరాబాద్ కేంద్రం వచ్చింది. అప్పట్లో మన ఇళ్లలో ఉన్న బ్లాక్ అండ్ వైట్ సెట్లలో కొన్ని హైదరాబాద్‌లోనే, ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్‌లో తయారైన ఈసీ టీవీలు. పెట్టె మన ఊరిదే అయినా అందులో ప్రకటనలు మాత్రం ఎక్కువగా బొంబాయివి. నిర్మా పాటలోని హేమా, రేఖా, జయా, సుష్మా మన వీధుల్లో వినపడే పేర్లు కావు. అయినా హిందీ ముక్క రాని పిల్లలు కూడా ఆ పాట మొత్తం అప్పజెప్పేవాళ్లు. 1987లో ఆదివారం ఉదయం రామాయణం మొదలయ్యాక ఆ ప్రకటనలు ఇంకా లోపలికి వెళ్లిపోయాయి.

ఆ తర్వాత అవే ప్రకటనలు తెలుగులోకి డబ్ అయి వచ్చాయి. పెదవి ఒకటి కదిలేది, మాట ఒకటి వినిపించేది. వంటింట్లో మార్బుల్ గట్టు, డైనింగ్ టేబుల్, ఉదయం కాఫీకి బదులు టీ. తెలుగు మాట్లాడుతున్న ఆ ఇల్లు తెలుగు ఇల్లు కాదని ఎవరికైనా తెలిసిపోయేది. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు, చాలావాటిలో మంచి పనితనం ఉంది. కానీ వాటిలో పూచీ కంపెనీది. ఎక్కడో ఉన్న కంపెనీ, ఎప్పటికీ చూడని మనుషులు. మనం అక్కడ కొనుగోలుదారులం మాత్రమే. సిటీ కేబుల్ ప్రకటనలో మాత్రం మనం ఫలానా ఊరివాళ్లం, ఫలానా వీధి దారి తెలిసినవాళ్లం.

ఆ ప్రకటనలు తయారైన తీరు కూడా చెప్పుకోవాలి. వాటికి ఏజెన్సీలు లేవు. పెళ్లి వీడియోలు తీసే స్టూడియోవాళ్లే కెమెరా పట్టుకుని వచ్చేవాళ్లు. అందుకే పెళ్లి క్యాసెట్‌లో తలంబ్రాల దగ్గర పడే పువ్వుల ఎఫెక్టు, హృదయం ఆకారంలో తెర విడిపోవడం, రెండూ చీరల ప్రకటనలోనూ కనిపించేవి. గొంతు ఇచ్చేది స్థానిక నాటక కళాకారుడో, రేడియో అలవాటు ఉన్న మాస్టారో. మోడళ్లుగా యజమాని బంధువుల పిల్లలు. భాష మాత్రం గ్రాంథికం కలిసిన కరపత్రం భాష: లభించును, విచ్చేయండి, ఆదరించగలరు. ఇది టీవీలో పుట్టిన భాష కాదు. రిక్షాకు మైకు కట్టి సినిమా పేరు చెప్పిన రోజుల నుంచి, థియేటర్లో ఆట మొదలవడానికి ముందు వేసే గాజు స్లైడుల నుంచి, పెళ్లి శుభలేఖల నుంచి వచ్చింది. ఇంటికి పిలవడానికి వాడే మర్యాదతోనే దుకాణానికి పిలిచారు. బేరాలు, అరువులు, ఖాతా పుస్తకాలు నడిచే బజారుకు ఆ మర్యాద అవసరం కూడా.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక ఊరి దుకాణం రాష్ట్రమంతా కనపడే వీలు కలిగింది. మన పట్టణాల బజారుల్లో పెరిగిన బట్టల వ్యాపారాలు పెద్ద తెర మీదికి వచ్చాయి. బొమ్మన బ్రదర్స్, చందన బ్రదర్స్, ఆర్.ఎస్. బ్రదర్స్. పేరులోనే అన్నదమ్ములు ఉన్నారు. ఊరు దాటినా వ్యాపారం ఒక కుటుంబానిదే అన్న నమ్మకాన్ని బోర్డు మీద నిలబెట్టుకున్నారు. పచ్చళ్ల విషయంలో ఇంకో చిక్కు వచ్చింది. ఆవకాయ అంటే అమ్మో, అత్తో, అమ్మమ్మో పెట్టాలి. సీసాలో కొనుక్కోవడమంటే ఆ ఇంట్లో పచ్చడి పెట్టే చెయ్యి లేదని ఒప్పుకున్నట్టు ఉండేది. ప్రియ పచ్చళ్లు మొదలైంది 1980లో. ఊరగాయ సీసా చాటుగా కొనే సరుకు నుంచి అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసులో గర్వంగా పెట్టే సరుకుగా మారడంలో టీవీ ప్రకటనలకు వాటా ఉందని నా అభిప్రాయం.

మార్గదర్శి చిట్‌ఫండ్ ప్రకటనలు అన్నిటికంటే సాదాగా ఉండేవి. ఒక్కొక్కరూ వచ్చి తాను చిట్టీలో చేరానని, దాంతో ఫలానాది కొనుక్కున్నానని చెబుతారు. పిల్ల పెళ్లి, ఇల్లు, స్కూటరు, దుకాణం పెట్టుబడి. ఆ కోరికల వరసను చూస్తే 1990ల తెలుగు మధ్యతరగతి బతుకు మొత్తం అందులో ఉంది. జీతం నెల చివరికి మిగలదు, బ్యాంకు అంత తేలిగ్గా అప్పు ఇవ్వదు, పెద్ద ఖర్చుకు చిట్టీ పాట పాడటమే దారి. వీధిలో తెలిసిన మనిషి దగ్గర చిట్టీ వేసి మోసపోయిన కుటుంబాలు మన ఊళ్లలో లేనివి కావు. కాబట్టి మనలాంటి మనిషే తెర మీదికి వచ్చి నాకు ముట్టింది అని చెప్పడానికి ఎంతో విలువ ఉండేది. అక్కడ పూచీ తోటి చందాదారుది.

దుకాణదారు పూచీ మళ్లీ ఇంత బలంగా తిరిగొచ్చింది లలితా జ్యువెలరీ ప్రకటనలతోనే. యజమాని కిరణ్ కుమార్ తెల్ల చొక్కాలో కెమెరా ముందు నిలబడి "డబ్బులు ఊరికే రావు" అన్నారు. మా దగ్గర నగ చూడండి, ఎస్టిమేట్ తీసుకోండి, నాలుగు షాపులు తిరిగి పోల్చుకోండి, అప్పుడు కొనండి అన్నారు. ఈ ప్రకటనల మీద వచ్చినన్ని మీమ్స్ ఇంకే తెలుగు ప్రకటన మీదా రాలేదేమో. కానీ అవి ఎందుకు పనిచేశాయో ఆలోచించాలి. బంగారం కొనేటప్పుడు మనకు అసలు అనుమానం ధర మీద ఉండదు. ధర రోజూ పేపర్లో వస్తుంది. అనుమానమంతా తరుగు మీద, మజూరీ మీద, రాళ్లను బంగారంతో కలిపి తూకం వేశారా అన్న దాని మీద. ఇంటి కంసాలి ఉన్న రోజుల్లో ఆ అనుమానం ఒక మనిషితో తేల్చుకునేవాళ్లం. షోరూము వచ్చాక ఎవరిని అడగాలో తెలియకుండా పోయింది. ఆయన ఆ తరుగు మాటనే టీవీలో బాహాటంగా ఎత్తారు. అందంగా అలంకరించిన పెళ్లికూతుళ్ల మధ్య ఒక వ్యాపారి వచ్చి లెక్క మాట్లాడేసరికి జనం ఆగి విన్నారు. చెన్నైలో శరవణా స్టోర్స్ శరవణన్, ఢిల్లీలో ఎండీహెచ్ ధరమ్‌పాల్ గులాటీ కూడా తమ ప్రకటనల్లో తామే కనిపించారు కాబట్టి ఇది తెలుగువాళ్లకే ప్రత్యేకం అనను. మన దగ్గర మాత్రం అది సిటీ కేబుల్ రోజుల గల్లాపెట్టె మనిషి మళ్లీ కనిపించడం.

సినిమా హీరోల సంగతి వేరే. థమ్సప్‌కు చిరంజీవి, 2001లో పెప్సీకి పవన్ కల్యాణ్, ఆ తర్వాత థమ్సప్‌కే మహేశ్ బాబు. కూల్‌డ్రింక్ దగ్గర హీరో పూచీ పడేది రుచికి కాదు, అభిమానానికి. అందులో పెద్ద నష్టం లేదు. కేరళ కంపెనీలు దీన్ని ఇంకా స్పష్టంగా వాడుకున్నాయి. కల్యాణ్ జ్యువెలర్స్ తెలుగులో నాగార్జునను, మణప్పురం గోల్డ్‌లోన్ వెంకటేశ్‌ను తెచ్చుకున్నాయి. పక్క రాష్ట్రంలో అదే ప్రకటనకు ఇంకో ముఖం. బయటి ఊరి వ్యాపారి మన ఊళ్లో కొట్టు పెట్టేటప్పుడు స్థానికంగా పరపతి ఉన్న పెద్దమనిషిని వెంటబెట్టుకుని రావడం మన బజారుకు కొత్తేమీ కాదు. ఇల్లాలి పుస్తెలతాడు తాకట్టు పెట్టించాలంటే పరాయి గొంతు చాలదని వాళ్లకు తెలుసు. సంతూర్ సబ్బు కూడా ఇంకో రకంగా ఇలాగే మన ఇళ్లలో కలిసిపోయింది. 1980ల మధ్యలో వచ్చిన ఈ విప్రో సబ్బుకు తెలుగు రాష్ట్రాలే పెద్ద కోట. చిన్నపిల్ల పరుగెత్తుకొచ్చి మమ్మీ అనగానే చుట్టూ ఉన్నవాళ్లు ఆశ్చర్యపోయే ఆ ఒక్క కథనే దశాబ్దాలుగా తిప్పి తిప్పి చెబుతున్నారు. పెళ్లయి బిడ్డ పుట్టగానే ఆడమనిషిని లోకం పెద్దదాన్ని చేసేసే చోట, నువ్వింకా అమ్మాయివే అని చెప్పే మాటకు ఎంత బలం ఉంటుందో ఆ ప్రకటన మగవాళ్లకంటే ముందు ఆడవాళ్లకు అర్థమైంది.

ఇక్కడిదాకా చెప్పినవన్నీ ప్రకటనలు మన బతుకును ఎలా చూపించాయన్నది. అవి మన బతుకును మార్చిన చోటు ఒకటుంది. అది పంచాంగం.

ఆషాఢం శూన్యమాసం. పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు. కొత్త కోడలు పుట్టింటికి వెళ్లిపోతుంది, అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదంటారు. బట్టల కొట్లకు అది ఈగలు తోలుకునే నెల. శ్రావణమాసం సరుకు దిగేలోగా పాత నిల్వ వదిలించుకోవాలి. ఆ అవసరం నుంచి ఆషాఢం డిస్కౌంట్లు పుట్టాయి. టీవీ ప్రకటనలు వాటిని ఎంతగా మోగించాయంటే శుభకార్యాలకు పనికిరాని నెల చీరలు కొనడానికి మంచి నెల అయిపోయింది. ఇప్పుడు శ్రావణంలో జరిగే పెళ్లికి పెట్టుబడి చీరలు ఆషాఢంలోనే తీసిపెట్టుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. కొనేవాళ్లకు ఇది మేలే, దాన్ని తప్పుపట్టను. దుకాణాల్లో నిలబడే అమ్మాయిలకు మాత్రం కాస్త ఊపిరి పీల్చుకునే నెల పోయింది.

అక్షయ తృతీయ విషయంలో నాకు అంత సమ్మతి లేదు. వైశాఖ శుద్ధ తదియ అంటే ఉత్తరాంధ్రలో సింహాచలం అప్పన్న నిజరూప దర్శనం. ఏడాదంతా చందనంలో ఉండే స్వామి ఆ ఒక్కరోజే అసలు రూపంలో కనిపిస్తాడు, రాత్రంతా జనం క్యూలో ఉంటారు. మిగతా చోట్ల దానధర్మాలకు, ఉదకుంభ (నీటికుండ) దానానికి పేరున్న తిథి అది. మా ముందు తరంలో ఆ రోజు బంగారం కొనకపోతే లోటు అనుకున్నవాళ్లను నేను ఎరగను. 2000ల తర్వాత నగల ప్రకటనలు ఆ తిథిని పట్టుకున్నాయి. కొంచెమైనా కొనాలి, గ్రాము అయినా కొనాలి అన్నాయి. ఇచ్చే రోజు కొనే రోజుగా మారింది. అప్పు చేసి అర గ్రాము నాణెం కొనే ఇళ్లలో అది పుణ్యం కాదు, టెన్షన్. ఇక్కడ పూచీ పడింది దుకాణదారు కాదు, లక్ష్మీదేవి. దేవుడి పేరు మీద ఇచ్చిన హామీకి ఎవరూ జవాబుదారీ కారు.

ఆషాఢం దగ్గరే ఇంకో మాట ఉంది. కోస్తాకు శూన్యమాసమైన ఆషాఢం తెలంగాణకు బోనాల నెల. గోల్కొండలో మొదలై సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, పాతబస్తీ లాల్‌దర్వాజ దాకా నెలంతా జాతరే. ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు, కొత్త బట్టలు కడతారు. హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న దుకాణాలు సైతం చాలా ఏళ్లు ఆషాఢాన్ని డిస్కౌంటు నెలగానే ప్రచారం చేశాయి తప్ప పండగ నెలగా చేయలేదు. 2014లో బతుకమ్మ, బోనాలు రాష్ట్ర పండగలయ్యాక ప్రకటనల్లో తంగేడు పువ్వు, బోనం కుండ కనపడటం పెరిగింది.

యాస కథా ఇంతే. సరుకు మంచిదని చెప్పే గొంతు ఎప్పుడూ కృష్ణా, గుంటూరు, గోదావరి వైపు నుంచి తీసుకున్న పత్రికల తెలుగు. తెలంగాణ యాస వినపడితే అది పనిమనిషిదో, ఆటో డ్రైవర్‌దో, నవ్వించడానికి పెట్టిన పాత్రదో అయ్యేది. రాయలసీమ, ఉత్తరాంధ్ర మాటలకూ అదే గతి. అంటే ఆ మనుషులు కొనడానికి పనికొస్తారు, పూచీ పడటానికి పనికిరారు. వరంగల్ దుకాణం ప్రకటనకు కూడా గొంతు వరంగల్‌ది కాకపోవడం మామూలు విషయమైపోయింది. ఈ పద్ధతిని ముందుగా మార్చింది ప్రకటనలు కాదు, వార్తలు. తెలంగాణ యాసలో వార్తా కార్యక్రమాలకు జనం అలవాటుపడ్డాక గానీ ఆ యాసలో సరుకు అమ్మవచ్చని కంపెనీలకు తోచలేదు. ఇప్పటికీ బంగారం, బ్యాంకు, ఆసుపత్రి లాంటి నమ్మకం కావాల్సిన చోట పాత గొంతే వినిపిస్తోంది. ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటాను.

సరుకు లేని ప్రకటనల్లో మాత్రం ఒక సాహసం జరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో హెచ్ఐవీ తీవ్రంగా ఉన్న రోజుల్లో, 2003 ప్రాంతంలో, రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ పులిరాజాను తెచ్చింది. ముందు పులిరాజా ఎవరు అని ఊరించి, తర్వాత "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని అడిగింది. ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు ఆ ప్రశ్న వస్తే చానల్ మార్చేవాళ్లు, విమర్శలూ బోలెడు వచ్చాయి. డాక్టర్‌ను, హీరోను, దేవుడిని ఎవరినీ తేకుండా ఒక మామూలు మగవాడి పేరు పెట్టి జవాబు చూసేవాడికే వదిలేశారు. రెండు దశాబ్దాలు దాటినా ఆ పేరు అందరి నోళ్లలో ఉంది. పొగాకు మీద వచ్చిన ప్రకటనలోని మొదటి వాక్యం "ఈ నగరానికి ఏమైంది" 2018లో ఏకంగా ఒక సినిమాకు పేరైంది. ఎవరో అనువాదకుడు రాసి, ఎవరో డబ్బింగ్ కళాకారుడు చెప్పిన వాక్యమది.

ఇక ఇవాళ్టి సంగతి. న్యూస్ చానల్ పెట్టండి, ముఖ్యంగా ఆదివారం పొద్దున. ప్లాట్లు, విల్లాలు, ఫామ్‌ల్యాండ్స్. రీజినల్ రింగ్ రోడ్డుకు దగ్గర, ఎయిర్‌పోర్టుకు దగ్గర, స్పాట్ రిజిస్ట్రేషన్. యాంకర్ వెంచర్ అంతా తిరిగి చూపిస్తూ గజం ధర చెబుతుంది. ఎన్నో ఏళ్లు ప్రకటనలకు దూరంగా ఉన్న బాలకృష్ణ 2022లో తొలిసారి ఒప్పుకున్న వాణిజ్య ప్రకటన కూడా రియల్ ఎస్టేట్ సంస్థదే. మన డబ్బు ఇప్పుడు ఎటు పోతోందో దీన్ని బట్టే తెలుస్తుంది. చీరకు రంగు వెలిస్తే పోయేది కొన్ని వందలు. ప్లాటు కాగితాలు తేడా అయితే పోయేది ఒక కుటుంబం ఇరవై ఏళ్ల సంపాదన, దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో కూర్చుని టీవీ చూసి అడ్వాన్స్ పంపిన కొడుకు కష్టం. పూచీ అన్నిటికంటే ఎక్కువ కావాల్సిన చోట అన్నిటికంటే తక్కువ ఉంది.

చట్టం కొంత ముందుకొచ్చింది. రియల్ ఎస్టేట్ వ్యాపారాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ప్రకారం ప్రాజెక్టు ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, తప్పుడు ప్రకటన నమ్మి నష్టపోయినవాళ్లకు పరిహారం ఇవ్వాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలో నటించిన ప్రముఖులకు కూడా 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పెట్టింది. ముందుగా తగిన విచారణ చేసుకున్నవాళ్లకు మినహాయింపు ఉంది. కాగితం మీద ఇది మంచి చట్టం. తెర మీద రెరా నంబర్ చదవడానికి వీల్లేనంత చిన్న అక్షరాల్లో, రెండు సెకన్లు ఉండి పోతోంది. చిరునామాను గొంతెత్తి చెప్పిన ఆ పాత ప్రకటనల పద్ధతిలో నంబర్‌ను కూడా పైకి చదివి వినిపించాలని నియమం పెడితే ఎవరి సొమ్మూ పోదు.

ఆ పాత ప్రకటనలు ఇవాళ వెతికితే దొరకడం కష్టం. 1954 నాటి చట్టం వల్ల పుస్తకాలు, తర్వాత పత్రికలు జాతీయ గ్రంథాలయానికి చేరుతున్నాయి. టీవీలో వచ్చినదానికి అలాంటి ఏర్పాటు లేదు. దూరదర్శన్ తన కార్యక్రమాలు కొన్ని దాచుకుంది. సిటీ కేబుల్ వాళ్లు మాత్రం టేపు ఖరీదు కాబట్టి దాని మీదే మళ్లీ మళ్లీ రికార్డు చేశారు. మిగిలిన వీహెచ్ఎస్ క్యాసెట్లకు బూజు పడుతోంది, ఆడించే ప్లేయర్ల తయారీ 2016లోనే ఆగిపోయింది. పాత సినిమాకు ప్రింటు పోతే బాధపడే మనం, ఒక పట్టణంలో ఏ ఏడాది ఏ చీర ఎంతకు అమ్మారో, బజారు ఎలా ఉండేదో చూపించే రెండు నిమిషాల టేపు పోతే పట్టించుకోవడం లేదు. ఊరి చరిత్ర రాసేవాళ్లకు ఇంతకంటే మంచి ఆధారం ఏముంటుంది? విశ్వవిద్యాలయాల జర్నలిజం విభాగాలు ఒక్కో జిల్లా పంచుకుంటే ఈ పని సాగుతుంది. ఆ టేపులు ఎక్కువగా ఉండేది పాత వీడియో స్టూడియోల అటకల మీద, ఆనాటి దుకాణాల రెండో తరం ఇళ్లలో. మీ దగ్గర ఒక్కటైనా ఉంటే డిజిటల్ చేయించి యూట్యూబ్‌లో పెట్టండి. పెట్టేటప్పుడు కింద ఊరి పేరు, ఏడాది, ఆ గొంతు ఎవరిదో తప్పకుండా రాయండి.